భామ గర్వం, గ్లూ స్టిక్కు

పదకొండున్నర దాటింది. బాత్రూంలో చిన్నోడు ఇంకా కనుబొమలు రుద్దుకుంటూనే ఉన్నాడు, కొబ్బరినూనెతో. డ్రాగ్ కడతాడు వాడు, అంటే వేదిక మీద ఆడవేషం. సొంత కనుబొమలు కనపడకుండా గ్లూ స్టిక్కుతో అణిచేసి పైన మేకప్పు వేస్తాం. మేకప్పు నూనెకి కరుగుతుందిరా, గ్లూ స్టిక్కు నీళ్ళకి కరుగుతుంది అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. ముందు నూనెతో పైపూత తీసెయ్యాలి, సబ్బుతో ఆ జిడ్డు కడుక్కోవాలి, అప్పుడు గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డ రెండు మూడు నిమిషాలు కళ్ళమీద వేసుకుని ఊరుకోవాలి. జిగురు మెత్తబడి దానంతటదే జారుతుంది. జిడ్డు మీద నీళ్ళు పోస్తే లోపలికి దిగవు. అందుకని గోళ్ళతో గీకుతారు, వెంట్రుకలు ఊడొస్తాయి.

సరే, నాకు నిద్ర పట్టనిది అందుకు కాదు. భోజనాల దగ్గర బావగారు పప్పు కలుపుకుంటూ అన్నమాట. "వేషం కట్టుకోండమ్మా, ఎవరొద్దన్నారు. అందులో గర్వపడ్డానికేముంది?" అక్క మజ్జిగ తెస్తానని లేచిపోయింది.

జవాబు నోటిదాకా వచ్చింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది దేనికండీ, ఆడవేషాలకి కాదూ? కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో వచ్చింది దేనికి? అనలేదు. అనకపోవడమే మంచిదయింది. అనుంటే బావగారు హాయిగా ఒప్పుకునేవారు: "ఆఁ, అది కళ." ఆ 'కళ' అన్నమాటంటేనే నాకు ఒళ్ళు మంట. డ్రాగ్ విదేశీ పిచ్చి అనేవాళ్ళని భరించొచ్చు, చెప్పుకోవడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉంటుంది. మనకెప్పట్నుంచో స్త్రీవేషం ఉందిగా, ఇంకేం కావాలి అనేవాళ్ళతోనే పేచీ. వేషం తీసేశాక పంచె కట్టుకుని ఇంటికెళ్ళిపోయే మగవాడంటే వాళ్ళకి అభ్యంతరం లేదు. వేషం తీసెయ్యని మనిషి దగ్గరే వస్తుంది చిక్కు.

ఆ తీసెయ్యని మనుషుల చరిత్ర బిరుదుల పట్టికలో దొరకదు, చట్టాల్లో దొరుకుతుంది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టమని ఒకటి వచ్చింది. పిల్లల్ని ఎత్తుకెళ్తారన్న అనుమానం పేరు చెప్పి హైదరాబాద్ హిజ్రాల పేర్లూ ఇళ్ళ జాడలూ రిజిస్టరుకెక్కించడం దాని పని. అలా ఎక్కిన మనిషి ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనపడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు, రెండేళ్ళదాకా జైలు. వీధిలోనే అక్కర్లేదు, వీధిలోకి కనపడాలని ఇంకెక్కడ అలా ముస్తాబైనా సరే. నిజాం పోయాడు, చట్టం పోలేదు. బాపట్ల మనిషి చీరకి ఢిల్లీ బిరుదిచ్చిన ఏడే, హైదరాబాద్ మనిషి చీరకి జైలు రాసిపెట్టిన ఆ కాగితం కొత్త ఆంధ్రప్రదేశ్ పద్దులో చేరింది. 2014లో తెలంగాణ వాటాకొచ్చింది. అదే ఏడు ఏప్రిల్లో నల్సా, అంటే జాతీయ న్యాయసేవల సంస్థ, వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు మూడో జెండర్‌ని గుర్తించింది. అయినా ఈ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో! బావగారు అడిగిన గర్వం లెక్క ఇక్కణ్ణుంచి మొదలెట్టాలి, స్థానం గారి దగ్గర్నుంచి కాదు. పైగా పాపం స్థానం గారిలాంటి ఆ పెద్దవాళ్ళు తాము వేషం తీసెయ్యని మనుషులమని ఎన్నడూ చెప్పుకోలేదు. పోయాక మనం పేర్లు తగిలించడం ఏం మర్యాద?

ఇక్కడిదాకా రాసి మంచినీళ్ళు తాగొచ్చాను. నాటకాలవాళ్ళు ఒకవైపు, మనం ఒకవైపు అని గీత గీసెయ్యడం కూడా తప్పేనేమో. చేతిపని వచ్చింది ఆ వేదికల మీంచేగా. అప్పుడు ముఖానికి అర్దళం పూసేవాళ్ళు, పసుపుపచ్చటి ఖనిజం, ఆర్సెనిక్ ఉన్నది. ఇప్పుడు డబ్బాలు మారాయి, లెక్క అదే. గడ్డం గీసినా చర్మం కింద నీలం నీడ ఉంటుంది. దానిమీద లేతరంగు ఫౌండేషన్ ఎంత మందంగా వేసినా బూడిదరంగే తేలుతుంది, అందుకే ముందు నారింజ రంగు పలచగా అద్దాలి. కనుబొమలకి ముందు స్పిరిట్ దూది, నూనె పోవడానికి. తరవాత జిగురు, పాత టూత్‌బ్రష్‌తో వెంట్రుకలు పైకి దువ్వి అణచడం. పలచగా మూడు పూతలు, ప్రతిదీ ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే ఇంకోటి. తొందరపడి ఒకేసారి మందంగా వేస్తే లైట్ల వేడికి చెమటపట్టి పెచ్చు లేస్తుంది. ఆరాక పౌడరు, నారింజ, ఫౌండేషను, మళ్ళీ పౌడరు. కొత్త కనుబొమ అర అంగుళం పైన.

తుంటికి సోఫా స్పాంజి రెండంగుళాలది చాలు. అంచులు కత్తెరతో ఏటవాలుగా పలచబరచకపోతే చీరలోంచి మెట్టులా కనపడుతుంది. లంగా నాడా స్పాంజికి ఎగువన, నడుం దగ్గర బిగించాలి, స్పాంజి మీద కాదు. చుట్టుకొలత పెరిగిందిగా, చీర చుట్టడానికే అయిపోతుంది. ఏడు కుచ్చిళ్ళు వచ్చే చీరకి ఐదే వస్తాయి. ఇది ఎవరూ చెప్పరు, స్టేజి ఎక్కేముందు ఏడుస్తారు.

కూచిపూడి భామాకలాపంలో భామ, అంటే సత్యభామ, ప్రవేశం గుర్తొస్తోంది. ఇద్దరు తెర పట్టుకుంటారు. మనిషి కనపడదు, ముందు జడ ఒక్కటే తెరమీంచి ఇవతలకి పడుతుంది. కుప్పెలతో, జడబిళ్ళలతో, బరువుగా. అలంకారానికి వేసింది కాదది, సవాలు. నన్ను మించినవాడుంటే రండి, ఓడితే ఈ జడ కోసుకుపొండి అని. సవాలు విసిరేది తెర వెనక ఉన్న మగవాడు! కూచిపూడిలో ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ ఒక్కసారైనా ఆ వేషం కట్టాలని, భామాకలాపం రాసిన సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడంటారు. తెర దిగుతుంది, ఆవిడ తనెవరో చెప్పుకుంటుంది, చెప్పుకుంటూనే ఉంటుంది. కథ ప్రకారం ఆ గర్వం అణగాలి, అణుగుతుంది కూడా. కానీ జనం తెల్లవార్లూ కూర్చునేది అణగడం చూడ్డానికా? జడ చూడ్డానికి కాదూ?

మాలాంటివాళ్ళు తలెత్తుకుని వీధిలో నడిచే ప్రైడ్‌కి తెలుగులో మాట కుదరదని ఒకప్పుడు నేనే వాదించాను. గర్వం అంటే తిట్టు కదా అని. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ యాత్ర నడుస్తోంది, స్వాభిమానం అన్న మాటా వాడుకలోకి వచ్చింది. మర్యాదైన మాట, బావగారికీ నచ్చుతుంది. ఇప్పుడు మాత్రం నాకు గర్వమే బాగుందనిపిస్తోంది, భామది.

వచ్చాడు బయటికి. ఎడమ కనుబొమ తోక లేదు. నేను చూస్తున్నానని తెలిసి, "పోన్లే, శనివారం అంటించాల్సింది తగ్గింది" అంటున్నాడు.