ఫ్యాను కింద కుర్చీ

మొన్న ఆదివారం ఆరాధనలో కుర్చీలు వేసే పని నాది. మా ఊరి రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒడిశా భార్యాభర్తలు చంటిదాన్ని ఎత్తుకొచ్చి, చెప్పులు విడిచేచోటే నిలబడిపోయారు. వెనక చాప చూపించి సైగ చేశాను. రెండు నిమిషాలకి కారు దిగిన ఆసామికి మాత్రం "రండి రండి, ముందుకి రండి" అంటూ ఫ్యాను కింద కుర్చీ తుడిచి మరీ వేశాను.

ఆవేళ వాక్యం బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం! బంగారు ఉంగరం పెట్టుకొచ్చినాయనకి మంచి చోటు, మాసిన బట్టలతో వచ్చిన బీదవాడికి కాళ్ల దగ్గర చోటు. పాస్టరు గారు నన్ను చూసి ఎంచుకున్నది కాదులెండి. అయినా తల ఎత్తలేకపోయాను.

అసలు నరసాపురం వైపు ఈ సువార్త తెచ్చిందే పరాయివాళ్లు. 1836లో ఇండియాకి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీల కుటుంబాలు ఈ గోదావరి ఒడ్డునే కాపురం పెట్టాయి. వాళ్లని మన ముత్తాతల్లో ఎవరో ఒకరు అరుగెక్కి కూర్చోమనే ఉంటారు కదా.

ఆరాధనయ్యాక ముగ్గుర్నీ భోజనానికి ఇంటికి తీసుకెళ్లాను. నాకు ఒడియా రాదు. వాళ్ల తెలుగు "చెరువు", "మేత", "డబ్బులు" దగ్గర ఆగిపోతుంది. అమ్మ చేపల పులుసు వడ్డిస్తూ తెలుగులోనే గలగలా మాట్లాడేస్తోంది, వాళ్లు నవ్వుతున్నారు. చంటిది అమ్మ ఒళ్లోనే నిద్రపోయింది.

ఒడియా బైబిలు ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.