ఫినాస్టెరైడ్ పనిచేస్తోందా? నన్ను అడక్కండి

మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని డాక్టరు గారు రెండు మాత్రలు రాశారు. మొదటిది టామ్సులోసిన్. వేసుకున్న కొద్ది రోజులకే మూత్రం ధార కాస్త సాఫీగా రావడం మొదలైంది. రెండోది ఫినాస్టెరైడ్, హార్మోన్ల మీద పనిచేసేది. దాని సంగతి అడిగితే "ఆరు నెలలదాకా నన్నేమీ అడగొద్దు" అని నవ్వేశారు. సరే, ఆరు నెలలు మింగాక మాత్రం పనిచేసిందని నాకెలా తెలుస్తుంది? రిటైరయ్యేదాకా ఆడిట్ సెక్షన్లో చేసినవాణ్ణి. ఓచర్ చూడనిదే సంతకం పెట్టని బుద్ధి ఎక్కడికి పోతుంది? ఈ మందును ఎలా పరీక్షించారో చదవడం మొదలుపెట్టాను.

హార్మోన్ మాట వినగానే మా ఆవిడకు టెన్షన్. "ఏమండీ, గొంతు మారిపోతుందా?" అంది. మాత్రలో హార్మోనేమీ లేదు. మన ఒంట్లోని టెస్టోస్టెరాన్‌ను ఒక ఎంజైమ్ డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది. ప్రోస్టేట్‌ను ముఖ్యంగా పెంచేది ఆ రెండోదే. ఈ మందు ఆ మార్పుకు అడ్డుపడుతుంది, అంతే. దీని వెనకాల ఉన్న కథ బాగుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల మగవాళ్లకు పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపం ఉందని 1974లో ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం రాసింది. వాళ్లు పెద్దవాళ్లయినా ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయింది. అక్కణ్ణుంచి సాగిన ఆలోచనే 1992లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాత్ర. అంతకు వందేళ్ల ముందు, 1890ల్లో, ప్రోస్టేట్ పెరిగితే వృషణాలు తీసేయడమే వైద్యమని అక్కడే విలియం వైట్ అనే సర్జన్ వాదించాడు. ఆ పేజీ చదివేటప్పుడు కాళ్లు దగ్గరకు పెట్టుకుని కూర్చున్నాను.

ఇక కొలతలు. మూత్రం ఎంత వేగంగా వస్తోందో కొలిచే యూరోఫ్లో పరీక్ష చేయించుకున్నవాళ్లకు తెలుస్తుంది. పొట్ట ఉబ్బేదాకా నీళ్లు తాగి, ఆపుకోలేని స్థితి వచ్చేదాకా కూర్చుని, చివరికి ఒక గరాటు ముందు నిలబడాలి. కింద మెషీన్ సెకనుకు ఎన్ని మిల్లీలీటర్లు పడుతోందో గీత గీస్తుంటుంది. 15 దాటితే మామూలుగా ఫర్వాలేదంటారు, 10 లోపయితే అడ్డం ఉందేమోనని అనుమానిస్తారు. అంతసేపు తన్నుకొచ్చింది కాస్తా గరాటు ముందుకెళ్లేసరికి మాయం. బయట నుంచి టెక్నీషియన్ "అయిందా సార్?" అంటాడు. దాంతో వచ్చేది కూడా ఆగిపోతుంది. మొత్తం 150 మిల్లీలీటర్లయినా రాకపోతే ఆ రీడింగును నమ్మలేమట. పైగా ఒకే మనిషికి పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె. ఇలాంటి దాన్ని పట్టుకుని మందు పనిచేసిందని నేనెలా తేల్చను?

స్కోరు కాగితం ఇంకా వింత. గత నెల రోజుల్లో మూత్రం ఇబ్బందుల గురించి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 35. అంకె పెరిగినకొద్దీ ఇబ్బంది ఎక్కువన్నమాట. ముందురోజు రాత్రి బాగా నిద్రపట్టి ఉంటే నెలంతా బాగానే గడిచినట్టు తోస్తుంది. లేకపోతే అన్నిటికీ నాలుగులే.

అందుకే ఉత్తుత్తి మాత్ర కావాల్సొచ్చింది. 1998లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరీక్షలో 3,040 మందిని తీసుకున్నారు. కొందరికి ఫినాస్టెరైడ్, కొందరికి అచ్చం అలాగే ఉండే, మందులేని మాత్ర. ఎవరికేది ఇస్తున్నారో డాక్టర్లకూ తెలియదు. అలా నాలుగేళ్లు. చివరిదాకా ఉన్నవాళ్లలో అసలు మందు మింగినవాళ్ల స్కోరు సగటున 3.3 తగ్గింది. ఉత్తుత్తిది మింగినవాళ్లకూ 1.3 తగ్గింది! "నాకు గుణం కనిపిస్తోందండీ" అని నేను చెప్పే మాటకు విలువెంతో ఆ 1.3 చెబుతోంది.

అసలు లాభం స్కోరులో లేదు. మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి గొట్టం పెట్టించుకోవాల్సి వచ్చినవాళ్లు ఉత్తుత్తి మాత్రల గుంపులో నూటికి ఏడుగురు, మందు గుంపులో ముగ్గురు. ఆపరేషన్‌దాకా వెళ్లినవాళ్లు అటు పదిమంది, ఇటు అయిదుగురు. నాకు రేపు ఆపరేషన్ అవసరం పడలేదనుకోండి, అది ఈ మాత్ర చలవా, లేక ఎలాగూ పడేది కాదా? నా ఒక్కడి లెక్కలో ఇది ఎన్నటికీ తేలదు. వేలమందిని పక్కపక్కన పెట్టి చూస్తేనే బయటపడే సంగతి. స్నేహితులు "నీకు పనిచేసిందా?" అని ఫోన్లు చేస్తుంటే నాకు జవాబు తోచనిది ఇందుకే.

దుష్ఫలితాల సంగతి దాచకూడదు. మొదటి ఏడాదిలో అంగస్తంభన సమస్య చెప్పినవాళ్లు మందు గుంపులో నూటికి సుమారు ఎనిమిది మంది, ఉత్తుత్తి గుంపులో నలుగురు. కోరిక తగ్గడం కూడా కొందరిలో కనిపించింది. మా వయసువాళ్లం ఈ మాటలు డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పం, "అంతా బాగానే ఉందండీ" అని లేచొచ్చేస్తాం. నేను మాత్రం మా ఆవిడతో మాట్లాడుకున్నాకే మాత్ర మొదలుపెట్టాను.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతాను. ఈ మందు వాడితే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు రక్తంలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చూసే అంకె అది. రిపోర్టులో 3 అని ఉంటే దాన్ని 6గా చదువుకోవాలి. తగ్గినది మళ్లీ పెరగడం మొదలుపెడితే, నార్మల్ గీత లోపలే ఉన్నా డాక్టరుకు చూపించాలి. ల్యాబ్ మెషీన్‌కు మనం ఏ మాత్ర మింగుతున్నామో తెలియదు, పక్కన "నార్మల్" అని అచ్చు గుద్దేస్తుంది. నా ఫైలు అట్ట మీద మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, అంతకుముందు పీఎస్ఏ ఎంతో ఎర్ర పెన్నుతో రాసి పెట్టాను. కొత్త డాక్టరు ఎవరు తెరిచినా ముందు అదే కనబడాలి.