థాయిలాండ్‌లో 51 రాత్రులు, ఒక్కదానికి ఒక గది: నా అనుభవం

రెండు ఉద్యోగాల మధ్య నాకు 52 రోజులు ఖాళీ దొరికింది. భువనగిరి గుట్ట మీద క్లైంబింగ్ నేర్చుకుని, హంపి, బాదామి చుట్టూ నాలుగేళ్ళు తిరిగినదాన్ని, ఈసారి సముద్రం ఒడ్డున నిలబడే సున్నపురాయి కొండలు ఎక్కాలని థాయిలాండ్‌లోని క్రాబికి టికెట్ కొనేశా. 2025 నవంబర్ 15న వెళ్ళి జనవరి 5న తిరిగి రావడం. మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఒక్కదానివేనా?", రెండోది "ఉండేదెక్కడ?". మొదటిదానికి జవాబు ఉంది కానీ రెండోదానికి లేదు, టికెట్ కొన్నాక వారం రోజులు దాని టెన్షనే.

క్లైంబింగ్ అంతా రైలే, దాని పక్కనే ఉన్న టోన్సాయ్ అనే రెండు బీచ్‌ల దగ్గర. రైలే దీవి కాదు, కానీ వెనక అంతా నిట్టనిలువు కొండలు కాబట్టి రోడ్డు లేదు, పడవ మీదే వెళ్ళాలి. బుకింగ్ యాప్‌లో రైలేలో నాకు దొరికిన చవక ఫ్యాన్ గది రాత్రికి 900 బాట్. అప్పట్లో బాట్ అంటే మనకు రెండు రూపాయల ముప్పావలా దాకా పడుతోంది. 51 రాత్రులకు లెక్క వేస్తే లక్షా పాతిక వేలు దాటింది, అదీ రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని రేటు. ఇద్దరు వెళ్తే సగం సగం పంచుకుంటారు, ఒక్కళ్ళు వెళ్తే మొత్తం మన నెత్తినే, ఎందుకంటే అక్కడ గదికే రేటు గానీ మనిషికి కాదు. ఒంటరిగా తిరిగేవాళ్ళకి అసలు బాధ భయం కాదు, ఇదీ.

ఒక రాత్రి "ఇప్పుడే చెల్లించండి" బటన్ దాకా వెళ్ళి ఆగిపోయా. అంతకు ముందు అక్కడికి వెళ్ళొచ్చిన హైదరాబాద్ క్లైంబర్ ఒకాయన ఫోన్‌లో ఒకటే చెప్పాడు: "మూడు రాత్రులే బుక్ చేసుకో, మిగతాది కాళ్ళతో వెతుక్కో. టోన్సాయ్‌లో చవక గుడిసెలు సగం యాప్‌లో కనిపించవు." వినడానికి బాగానే ఉంది కానీ చెయ్యడానికి గుండె కావాలి. ఇంట్లో మాత్రం మొత్తం బుక్ అయిపోయిందనే చెప్పా. (అమ్మా, ఇది చదివితే క్షమించు.)

మూడు రాత్రులే బుక్ చేస్తే ఇమ్మిగ్రేషన్‌లో ఆపుతారేమోనని ఇంకో భయం. నేను వెళ్ళినప్పుడు మనవాళ్ళకి 60 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఈ రూల్ మారుతూ ఉంటుంది, మీరు వెళ్ళేముందు మళ్ళీ చూసుకోండి. 2025 మే నుంచి మాత్రం దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, అందులో అక్కడి చిరునామా అడుగుతారు. అది ఉచితం, డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. ఆ మూడు రాత్రుల హాస్టల్ చిరునామానే రాశా. కౌంటర్‌లో అమ్మాయి తిరుగు టికెట్ చూసింది, ముద్ర కొట్టింది, అంతే. వారం రోజులు పడ్డ టెన్షన్ ఒక్క నిమిషంలో అయిపోయింది.

ఆ హాస్టల్ ఆవ్ నాంగ్‌లో, అంటే రోడ్డు ఉన్న ఊళ్ళో. డార్మిటరీలో మంచం 350 బాట్. ఆ ఊళ్ళోనే 300కి చిన్న ఫ్యాన్ గది కూడా చూపించారు, ఇంకేం, ఇక్కడే ఉండిపోదామనిపించింది. కానీ పడవకి మనిషికి 100 బాట్, పోనూ రానూ 200. అదీ జనం నిండేదాకా కదలదు, ఒకరోజు పొద్దున నలభై నిమిషాలు ఇసుకలో కూర్చున్నా. గది 300, పడవ 200 కలిపితే 500, పైగా ఎండ ఎక్కేలోపు కొండ దగ్గరికి చేరలేం. గది అద్దె ఒక్కటే చూసి మురిసిపోతే ఇలాగే అవుతుంది.

రెండో రోజు బ్యాగు లేకుండా టోన్సాయ్ వెళ్ళి గుడిసెలు చూడటం మొదలుపెట్టా. మొదటి చోట చెట్ల కింద, చూడ్డానికి ఫోటోలో లాగే ఉంది. లోపలికి అడుగుపెడితే తడిసిన గోనెసంచి వాసన. పరుపు ఎత్తి చూస్తే కింద నల్లగా బూజు. ఇక్కడి ఉప్పుగాలి సంగతి ఎలాంటిదంటే, ఎక్కేవాళ్ళు తాడు తగిలించుకోవడానికి కొండలో దిగ్గొట్టిన స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులే లోపల పగుళ్ళిచ్చి పుటుక్కున విరుగుతాయి, అందుకే పాతవి తీసేసి టైటానియం బోల్టులు జిగురుతో అతికిస్తారు. స్టీలుకే అంత గతి పట్టే చోట నీడలో ఉన్న గదిలో తాడు, బట్టలు ఆరతాయా? రెండో గుడిసె పొడిగా, శుభ్రంగా ఉంది, తలుపుకి గట్టి గడియ కూడా ఉంది, కానీ గోడ అవతలే బార్. పగలు పన్నెండింటికి చూస్తే అంతా ప్రశాంతం. పక్క గుడిసె నుంచి బయటికొచ్చిన కుర్రాడి కళ్ళు చూసి, రాత్రి ఎన్నింటికి పాటలు ఆపుతారని అడిగితే నవ్వేశాడు, నాకు జవాబు దొరికింది.

మూడోది కాస్త ఎత్తులో, వరసగా ఎనిమిది వెదురు గుడిసెలు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతోంది. నడిపేది యాభై దాటిన ఒకావిడ, అందరూ 'పీ' అని పిలుస్తున్నారు, అంటే అక్క అనో అన్న అనో అన్నమాట, నేనూ అలాగే పిలిచా. ఆవిడకి ఇంగ్లీషు పది మాటలు, నాకు థాయి మూడు. కాలిక్యులేటర్ తీసి 450 కొట్టింది. నేను తీసుకుని 300 కొట్టా. పకపకా నవ్వి, పక్కనున్న మనవరాలికి కూడా చూపించి, 380 కొట్టింది. అప్పుడు నేను ఆవిడ పుస్తకంలోనే ఖాళీ జాగా చూసి '32 రాత్రులు' అని రాశా. కాసేపు చూసి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, 350 కొట్టి కాలిక్యులేటర్ బల్ల మీద బోర్లా పెట్టేసింది. అంటే బేరం అయిపోయిందని. మన కూరగాయల మార్కెట్‌లో తక్కెడ కింద పెట్టేసినట్టు.

32 ఎందుకంటే, డిసెంబర్ 20 నుంచి క్రిస్మస్ రేట్లు. అదే గుడిసె 800 అని ముందే చెప్పింది. డిపాజిట్‌గా పాస్‌పోర్ట్ అడిగింది. పాస్‌పోర్ట్ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు, కాపీ, వెయ్యి బాట్ ఇస్తే ఒప్పుకుంది. గుడిసె వెనక కుళాయి విప్పి చూశా, దోమతెర విప్పి చూశా, గడియ లోపల వేసి బయట నుంచి తోసి చూశా. కరెంటు జనరేటర్‌ది, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు వరకే. అది అడగకుండా డబ్బు కట్టినవాళ్ళు పగలంతా ఫ్యాన్ లేక పడిన తిట్లు తర్వాత చాలా విన్నా.

హాస్టల్‌లో మూడు రాత్రులూ అయ్యాక సామానుతో వచ్చినప్పుడు ఒక తప్పు చేశా. టోన్సాయ్‌కి జనం లేరని పడవవాడు రైలే బీచ్‌లో దింపాడు. అక్కడి నుంచి రాళ్ళ మీదుగా నడిచి పోవచ్చు, కానీ ఆటు ఉన్నప్పుడే. నేను దిగేసరికి పోటు మొదలైంది. మోకాళ్ళే కదా అని దిగితే రెండో మలుపులో తొడల దాకా వచ్చింది, 70 మీటర్ల తాడు సంచి కట్టెల మోపులా నెత్తిన పెట్టుకుని, కాలి కింద ఆల్చిప్పలు కోస్తుంటే దేవుడా అనుకుంటూ దాటా. అడవిలోంచి ఇంకో దారి ఉందని అవతలికి చేరాక తెలిసింది. అప్పటి నుంచి పొద్దున లేవగానే మొదట చూసేది ఆటుపోట్ల టైమింగ్సే. ఏటీఎం కూడా రైలే వైపే ఉంది, తీసినప్పుడల్లా 220 బాట్‌కి తగ్గకుండా చార్జీ, కాబట్టి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం మేలు.

కరెంటు లేకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. ఆరయ్యేసరికి అందరం ఫోన్లు పట్టుకుని ఒకే తిండి కొట్టు ప్లగ్గుల దగ్గర చేరేవాళ్ళం, నాకు బిలే ఇచ్చే, అంటే నేను ఎక్కుతుంటే కింద తాడు పట్టుకునే మనుషులు అక్కడే దొరికారు. ఆవ్ నాంగ్‌లో ఉండుంటే రోజూ పార్ట్‌నర్ కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. అక్కడే పరిచయమైన చిలీ అమ్మాయితో రెండు వారాలు కలిసి ఎక్కాక, డిసెంబర్ 5న, అంటే రేట్లు పెరగడానికి చాలా ముందే, ఇద్దరం కలిసి ఇంకోచోట రెండు మంచాల గది 900కి మాట్లాడుకున్నాం. 20వ తేదీ తర్వాత వచ్చినవాళ్ళు బ్యాగులు మోసుకుని గుడిసె గుడిసెకీ తిరగడం కళ్ళారా చూశాం. ఆ రోజుల్లో మాత్రం కాళ్ళతో వెతుక్కునే పద్ధతి పనిచెయ్యదు.

లెక్క ఇదీ: హాస్టల్ 1,050, పీ గుడిసె 11,200, చివరి 16 రాత్రులు నా వాటా 7,200. మొత్తం 19,450 బాట్, మన డబ్బుల్లో 53 వేల చిల్లర.

డిపాజిట్ వెయ్యిలో పీ వంద పట్టుకుంది. ఒకరోజు కిటికీ మూయకుండా కొండకి వెళ్తే కోతులు దూరి దోమతెర చింపి, అమ్మ కట్టిచ్చిన కందిపొడి డబ్బా ఎత్తుకుపోయాయి. డబ్బా మూత రెండు రోజుల తర్వాత దారిలో దొరికింది. తెర చిరుగు చూపించి, కాలిక్యులేటర్‌లో 100 కొట్టి నా వైపు తిప్పింది. బేరం ఆడలేదు, కిటికీ తెరిచి పోయింది నేనే కదా.