నీటి గుమ్మం దగ్గర చదివినట్టు

"ఇటువలెను వారు దేవుని గ్రంథమును స్పష్టముగా చదివి వినిపించి జనులు బాగుగా గ్రహించునట్లు దానికి అర్థము చెప్పిరి" (నెహెమ్యా 8:8). బైబిల్ ఎలా చదవాలని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ వచనమే.

యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట మైదానం. ఏడవ నెల మొదటి రోజు. అందుకోసమే చేయించిన కర్ర పీఠం మీద నిలబడి, యాజకుడూ శాస్త్రీ అయిన ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా మోషే ధర్మశాస్త్రం చదివాడు. మగవాళ్లు, ఆడవాళ్లు, విని గ్రహించగలిగిన వాళ్లందరూ అక్కడే ఉన్నారు. యూదులు బందీలుగా గడిపిన బబులోను చెర తర్వాత చాలా ఇళ్లలో హీబ్రూ బదులు అరామిక్ వాడుక భాష అయింది. అందుకే ఆలయ సేవకులైన లేవీయులు చదివినదాన్ని జనానికి తెలిసిన భాషలోకి మార్చి చెప్పి ఉంటారని చాలామంది పండితులంటారు. ఆ రోజు ఎన్ని అధ్యాయాలు పూర్తయ్యాయో ఎక్కడా రాయలేదు. విన్నవాళ్లు ఏడ్చారని మాత్రం రాశారు.

ఏడాదిలో బైబిల్ పూర్తి చేసే ప్లాన్‌లు మంచివే. కానీ ఈ రోజు కోటా మిగిలిపోయిందన్న టెన్షన్‌లో చదివితే మాట లోపలికి దిగదు. బాగా తెలిసిన వచనాలతో ఇంకా కష్టం. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అని సండే స్కూల్ నుంచీ కంఠస్థం కాబట్టి 23వ కీర్తన ఒక్క ఊపిరిలో అయిపోతుంది. అదే కీర్తనను హిందీలో "యహోవా మేరా చరవాహా హై" అని కూడబలుక్కుంటూ చదివితే ఎక్కడికక్కడ ఆగాలి. అలా ఆగినప్పుడే నాకు ఒకటి కనిపించింది. మూడో వచనం దాకా దావీదు "ఆయన" అంటూ దేవుని గురించి చెబుతాడు. గాఢాంధకారపు లోయలోకి వచ్చేసరికి "నీవు నాకు తోడై యుందువు" అని నేరుగా దేవునితోనే మాట్లాడతాడు. తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ అంతే. ఇన్నేళ్లూ నా నోటి మీదే ఉన్న మాట అది.

తెలుగు సువార్తలు మన చేతికి వచ్చింది కూడా నిదానంగానే. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ముందు తెలుగు నేర్చుకున్నారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో అనువాదం సాగింది. 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేనాటికి ఆ మిషనరీలు ఇద్దరూ బతికి లేరు. అలా అందిన మాటను గబగబా చదివి పుస్తకం మూసెయ్యడానికి నాకు మనసొప్పదు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనైనా డాలస్‌లోనైనా ఎన్నో ఇళ్లలో కుటుంబ ప్రార్థనప్పుడు అమ్మమ్మ చేతిలో పెద్దక్షరాల పరిశుద్ధ గ్రంథం ఉంటుంది, మనవరాలి చేతిలో ఫోన్‌లో ఇంగ్లిష్ బైబిల్ ఉంటుంది. ఎవరిది వాళ్లు చదువుకుంటే ప్రార్థన అయిపోతుంది గానీ ఒకరికి అందింది ఇంకొకరికి అందదు. పది వచనాలు తీసుకోండి, చాలు. అమ్మమ్మ తెలుగులో పైకి చదవాలి. అవే వచనాలను పాప ఇంగ్లిష్‌లో చదవాలి. తర్వాత, "అమ్మమ్మా, ఇక్కడ ఏం జరిగిందంటే" అని పాప తనకొచ్చిన తెలుగులో చెప్పాలి. తడబడినా మధ్యలో అందుకోకండి. చెప్పడానికి వెతుక్కుంటున్నప్పుడే ఆ వచనం పాపదవుతుంది. అరగంట పడుతుంది, పట్టనివ్వండి. ఏది చదవాలో తోచకపోతే నెహెమ్యా 8తోనే మొదలుపెట్టండి, మొత్తం 18 వచనాలే.

ఆ అధ్యాయం ఏడుపుతో ఆగిపోదు. ఎజ్రా, మిగతా నాయకులు జనాన్ని దుఃఖపడవద్దన్నారు, తిని తాగి లేనివాళ్లకు కూడా పంపమన్నారు. తమకు చెప్పిన మాటలు అర్థమయ్యాయి గనుకనే జనం సంతోషంగా ఇళ్లకు వెళ్లారు. మరునాడు పెద్దలు మళ్లీ ఎజ్రా దగ్గర కూర్చుంటే, ఏడవ నెల పండుగకు పర్ణశాలల్లో ఉండాలన్న ఆజ్ఞ కనిపించింది. నూను కుమారుడైన యెహోషువ కాలం తర్వాత ఎవరూ అలా చేయలేదు. అందరూ కొండకు వెళ్లి ఒలీవ, గొంజి, ఈత కొమ్మలు తెచ్చి మిద్దెల మీద, వాకిళ్లలో పర్ణశాలలు కట్టుకున్నారు. పండుగ ఏడు రోజులూ ఎజ్రా చదువుతూనే ఉన్నాడు.