బ్యారేజీ అంత దూరం

మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. పోయిన సెప్టెంబరులో స్కూలు నుంచి ఓ ప్రాజెక్టు మోసుకొచ్చింది. 2001 సెప్టెంబరు 11న, న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లని విమానాలతో కూల్చిన రోజున, ఎక్కడున్నారో, ఏం చేశారో ఇంట్లో పెద్దవాళ్లని అడగాలి. వాళ్లు చెప్పింది ఒక పేజీ కామిక్‌గా వెయ్యాలి. బొమ్మలు ఎలా ఉన్నా ఫర్వాలేదట, కథ మాత్రం ఇంట్లోవాళ్లదే అయ్యుండాలట.

"నువ్వప్పుడు ఎక్కడున్నావ్ నాన్నా?" అంది పెన్సిలు చెక్కుకుంటూ.

"ఇక్కడే, న్యూజెర్సీలోనే."

"న్యూజెర్సీలో ఎక్కడ?"

"జెర్సీ సిటీలో. ఎక్స్‌చేంజ్ ప్లేస్ దగ్గర ఆఫీసు. నదికి అవతలే ఆ టవర్లు."

పెన్సిలు చెక్కడం ఆగిపోయింది. పదమూడేళ్లు పెంచి, ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదని నాకప్పుడే తట్టింది. దాచాలని కాదు. పిల్లలకి మనం చెప్పే కథలన్నీ ఊరివే: తాతయ్య సైకిలు, పరీక్ష రోజు పోయిన కరెంటు, మేడ మీద పడకలు. మన గతం అంటే వాళ్లకి ఇండియా అనే లెక్క. ఇక్కడ దిగాక నలుగురం ఒక గదిలో సర్దుకున్న తొలి ఏళ్లు ఏ లెక్కలోకీ రావు.

"నాది కథ కాదమ్మా. నాకేం కాలేదు, నాకు తెలిసినవాళ్లెవరికీ ఏం కాలేదు. ఇంకెవర్నైనా అడుగు" అన్నాను.

అది వినే రకం కాదు. మర్నాడు లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి నా లాప్‌టాప్ మీదే పెట్టింది.

అన్నిటికన్నా పైన ఉన్నది ఆర్ట్ స్పీగల్‌మన్ అనే కార్టూనిస్టు 2004లో వేసిన 'ఇన్ ద షాడో ఆఫ్ నో టవర్స్'. పసిపిల్లల పుస్తకాల్లా పేజీలన్నీ దళసరి అట్టలు, తెరిస్తే న్యూస్ పేపరంత. కొత్తగా వేసినవి పది పేజీలే. మిగతాదంతా ఎక్కువగా వందేళ్ల కిందటి పేపర్లలో వచ్చిన కామిక్స్. స్పీగల్‌మన్ కాపురం న్యూయార్క్‌లో, టవర్లున్న దిగువ మన్‌హాటన్‌లోనే. ఆయన కూతురు అప్పుడే చేరిన స్టైవెసెంట్ హైస్కూలు టవర్ల పక్కనే. భార్యా భర్తా పిల్లని తెచ్చుకోవడానికి పరిగెత్తారు. ఉత్తరం వైపు టవరు కూలే ముందు దాని ఎముకలగూడు నిప్పుకణికలా మెరవడం ఆయన కళ్లారా చూశాడు. ఏ కెమెరాకీ చిక్కని ఆ బొమ్మని పేజీ పేజీలో మళ్లీ మళ్లీ వేస్తూనే ఉన్నాడు. పిల్ల కోసం వెతికిన పేజీ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఆడపిల్ల తండ్రిని కదా.

దాని కింద 2001 డిసెంబరు నాటి స్పైడర్‌మన్ 36వ సంచిక, నల్లటి అట్ట. శిథిలాల దగ్గర సూపర్ హీరోలంతా చేతకాక నిలబడి ఉంటారు. అంతవరకూ బాగానే ఉంది. విలన్ డాక్టర్ డూమ్ కూడా కంటతడి పెట్టేసరికి మా అమ్మాయి ఫక్కున నవ్వి, నవ్వకూడదేమోనని నోరు మూసుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఊళ్లు కూల్చడమే పనిగా పెట్టుకున్నవాడికి రెండు భవనాలకి ఏడుపా!

మూడోది వేరే రకం. '9-11: ఎమర్జెన్సీ రిలీఫ్' అని 2002లో చిన్న చిన్న ప్రెస్సుల ఆర్టిస్టులు కలిసి వేసిన నలుపు తెలుపు సంకలనం, వచ్చిన డబ్బు రెడ్‌క్రాస్‌కి. చాలా కథల్లో హీరో అంటూ ఎవరూ లేరు. పొద్దున లేవడం, టీవీ పెట్టడం, ఎవరికో ఫోను చెయ్యడం, ఆ పూట ఏం చెయ్యాలో తోచకపోవడం. జెండా, గద్ద, కన్నీళ్లు పెట్టిన బొమ్మలు ఆ ఏడాది చాలా వచ్చాయి, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. ఇవి అలా కాదు. ఒకడి వంటగది ఇంకొకడి వంటగదిలా ఉండదు.

"చూశావా, వీళ్లకీ ఏం కాలేదు. అయినా వేశారు" అంది. ఇంక తప్పించుకోలేకపోయాను.

చెప్పడం మొదలుపెట్టాను. మంగళవారం. ఆకాశం కడిగినట్టుంది. ఎనిమిదీ నలభై ఆరుకి మొదటి విమానం. నేను కిటికీ దగ్గరికి వెళ్లేసరికి పొగ. చిన్న విమానమేదో దారి తప్పిందన్నారు. తొమ్మిదీ మూడుకి రెండోది గుద్దుకోవడంతో ఆ మాట మళ్లీ ఎవరూ అనలేదు. మమ్మల్ని కిందికి దింపేశారు. పది కొట్టే ముందు దక్షిణం టవరు, పదిన్నరకి రెండోది. ఆ తరవాత ఫెర్రీలు, టగ్ బోట్లు, దొరికిన పడవల్లో జనం. ఆ రోజు నీళ్ల మీదుగా దాటినవాళ్లు సుమారు ఐదు లక్షల మంది అంటారు. నేను చూసింది ఓ పాతిక ముప్ఫై మందిని. తలలు, కోట్లు, బూట్లు అన్నీ ఒకటే బూడిద రంగు. ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది, రెండూ ఎడమ కాలివే.

"రెండూ ఎడమవా?" అని అది రాసుకుంది. ఇరవై రెండేళ్లలో ఆ చెప్పుల సంగతి నేనెవరికీ చెప్పలేదు. నాకు గుర్తుందని నాకే తెలీదు.

ఫోన్లు కలవలేదు. కాలింగ్ కార్డు గీకి నంబరు నొక్కడం, "అన్ని లైన్లూ బిజీ", మళ్లీ నొక్కడం. సాయంత్రం నాలుగింటికి గుంటూరు కలిసింది. అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. మొదటి రింగుకే అమ్మ ఎత్తింది.

"నాన్నమ్మ ఏమంది?"

"మీకెంత దూరంరా అది అంది."

"నువ్వేం చెప్పావ్?"

"మనూరికి బెజవాడ ఎంతో అంతలే అమ్మా అన్నాను."

"ఎంత అది?"

"ముప్ఫై కిలోమీటర్ల పైన."

దానికి ఎక్స్‌చేంజ్ ప్లేస్ తెలుసు. ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఐస్‌క్రీం తిన్న చోటు. టవర్లకీ దానికీ మధ్యలో హడ్సన్ నది తప్ప ఇంకేం లేదు. మన కొలతలో చెప్పాలంటే ప్రకాశం బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివర, ఇంచుమించు పన్నెండు వందల మీటర్లు. మా అమ్మ దుర్గమ్మ దర్శనానికి ఎన్నోసార్లు దాటిన దూరం.

"అంటే నాన్నమ్మతో అబద్ధం చెప్పావ్" అంది. కోపం లేదు. కామిక్‌కి ఇంకో గడి దొరికిందన్న సంబరం.

తరవాతి వారాల దగ్గర మాకు పేచీ వచ్చింది. రూమ్మేట్ నా గడ్డం తీసేయమన్నాడు, తీసేశాను. నలుగురం డబ్బులేసుకుని రెండు జెండాలు కొని, ఉన్న ఒక్క డొక్కు కారుకి చెరో పక్కా తగిలించాం. సెప్టెంబరు 15న అరిజోనాలోని మేసాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సర్దార్జీని ఆయన గ్యాస్ స్టేషన్ దగ్గరే కాల్చి చంపారు, తలపాగా చూసి. ఆ వార్త తెలిశాకే ఇవన్నీ. అభిమానంతో పెట్టిన జెండా కాదది. పోనీ పూర్తిగా భయమేనా అంటే, అదీ కాదు. ఆ పడవలు చూసినవాణ్ణి నేనూ.

"ఇది వద్దు, క్లాసులో ఏమనుకుంటారో" అన్నాను.

"ఇదే కావాలి" అంది. అని, ఫోన్‌లో విశ్వజీత్ సింగ్ కార్టూన్లు తీసి నా ముందు పెట్టింది. న్యూయార్క్‌లో ఉండే సిక్కు కార్టూనిస్టు. 1984లో ఢిల్లీలో జరిగిన సిక్కుల ఊచకోత నుంచి చిన్నపిల్లాడిగా బతికి బయటపడ్డవాడు, ఇక్కడ 2001 తరవాత తలపాగాకి వచ్చే చూపులు, తిట్లు తిని బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు. 2013లో కెప్టెన్ అమెరికా వేషం కట్టి, తలపాగాతోనే న్యూయార్క్ వీధుల్లో తిరిగాడు. "ఆయన తలపాగా తియ్యలేదు. నువ్వు గడ్డం తీశావ్. రెండూ వెయ్యొచ్చు కదా" అంది. అది నన్ను తప్పు పట్టిందో వెనకేసుకొచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఇక్కడే పుట్టింది కాబట్టి దానికి ఆ ప్రశ్న తేలిక. హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద ఉండి, ప్రాజెక్టు పోతే ఎన్నాళ్లు ఉండనిస్తారోనని లెక్కలేసుకునేవాడికి గడ్డం ఓ లెక్కా?

చివరికి తొమ్మిది గళ్లు వేసింది. గడ్డం ఒక గడి. రెండు ఎడమ చెప్పులకి ఒక గడి మొత్తం, చుట్టూ ఏం లేకుండా. మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే, ఒక్క ఫోను బెలూన్‌లో తప్ప. దానికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. నేను కాగితం మీద రాసిస్తే చూసి బొమ్మ గీసినట్టు గీసింది. 'డ' పొట్ట కొంచెం ఎక్కువైంది.

ఆదివారం వీడియోలో అమ్మకి చూపించింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని, ఆ ఒక్క బెలూన్‌నీ కూడబలుక్కుని చదివింది. "బె-జ-వా-డ ఎంతో అంతలే అమ్మా." చదివి ఊరుకుంది.

"మర్నాడో ఎల్లుండో పేపర్లో మ్యాపు వేశాడు నాయనా. మీ నాన్న స్కేలు పెట్టి కొలిచాడు" అంది.

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే ఇంకోటి చెప్పేవాడివి."

మా అమ్మాయి అప్పటికే తెల్ల కాగితం లాక్కుంది. తాతయ్యని అది ఫొటోలోనే చూసింది. "నాన్నమ్మా, ఆ స్కేలు ఎలా ఉంటది? చెక్కదా, ప్లాస్టిక్కా?"

"చెక్కదే తల్లీ, ఓ అంచు విరిగింది. ఉండు, ఇక్కడే ఎక్కడో ఉండాలి" అంటూ అమ్మ ఫోను మంచం మీద పెట్టేసి లేచింది. స్క్రీన్ నిండా సీలింగ్ ఫ్యాను. పక్కగదిలో బీరువా తలుపు కిర్రుమంది.