పటం మీద కనబడే మెష్, కరెంటు పోయాక మిగిలే మెష్

హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచి కొద్దీ నడుపుకునే రేడియో) అనగానే మైకు పట్టుకుని మాట్లాడే మనిషే గుర్తుకు వస్తాడు. అదే లైసెన్సుతో మెగాబిట్ల వేగంతో డేటా నడిచే నెట్‌వర్కులను కూడా నిర్మించుకోవచ్చన్న సంగతి, ఇక్కడ కాలిఫోర్నియాలో టెక్నీషియన్ అనే తొలి మెట్టు లైసెన్సు పరీక్ష ప్యాసైన మన తెలుగువారిలోనూ చాలామందికి తెలియదు. డేటాను చిన్న ముక్కలుగా పంపే పాత ప్యాకెట్ రేడియోలో సెకనుకు 1200 బిట్లు వెళ్లేవి. ఒక మెగాబైట్ ఫొటో పంపాలంటే, మధ్యలో ఒక్క తప్పు దొర్లకపోయినా, రెండు గంటలకు దగ్గరగా పట్టేది. సెకనుకు 10 మెగాబిట్ల మెష్ లింకు మీద అదే ఫొటో సెకనులోపు చేరుతుంది. మెష్ అంటే ఒకదానితో ఒకటి నేరుగా కలిసి, డేటాను చేతులు మార్చుకుంటూ పంపే రేడియో పెట్టెల అల్లిక; అందులో ఒక్కో పెట్టె ఒక నోడ్. ఇలాంటి మెష్‌లకు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది అమెచ్యూర్ రేడియో ఎమర్జెన్సీ డేటా నెట్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్. హామ్‌లు దాన్ని ఆర్డెన్ అంటారు.

దీని కథ ఒక ఇంటి రౌటర్‌తో మొదలైంది. లింక్‌సిస్ సంస్థ 2002 చివర్లో అమ్మకానికి పెట్టిన నీలం, నలుపు రంగుల డబ్ల్యూఆర్‌టీ54జీ లోపల లినక్స్ ఉందని తేలడంతో, లినక్స్‌కు వర్తించే జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు షరతుల ప్రకారం ఆ కంపెనీ సోర్స్ కోడ్‌ను బయటపెట్టవలసి వచ్చింది. రౌటర్ల కోసం ఎవరైనా మార్చుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ దాని నుంచే పుట్టింది. టెక్సస్‌లోని ఆస్టిన్ ప్రాంతపు హామ్‌లు ఆ రౌటర్ల కోసం రాసుకున్న మెష్ సాఫ్ట్‌వేర్ బ్రాడ్‌బ్యాండ్ హామ్‌నెట్‌గా పేరుపొందింది. అందులో పనిచేసినవారిలో కొందరు తరువాత విడిగా ఆర్డెన్‌ను ప్రారంభించారు. నేడు అది యుబిక్విటీ, మైక్రోటిక్, టీపీ-లింక్ వంటి కంపెనీల ఆరుబయలు పరికరాల మీద నడుస్తుంది. నోడ్‌కు మన కాల్‌సైన్‌తో (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరుతో) పేరు పెడితే చాలు, అది 10తో మొదలయ్యే ఐపీ చిరునామాను తానే సమకూర్చుకుని, పొరుగు నోడ్లను గుర్తుపట్టి, దారులను లెక్కగట్టుకుంటుంది. ఒక దారి తెగితే మరో దారి వెతుక్కుంటుంది.

హామ్ లైసెన్సు వల్ల కలిగే అసలు లాభం స్పెక్ట్రమ్‌లో, అంటే వాడుకోగల ఫ్రీక్వెన్సీల్లో, ఉంది. అమెరికాలో 2390 నుంచి 2450 మెగాహెర్ట్‌జ్ వరకు హామ్‌లకు అనుమతి ఉండగా, మామూలు వైఫై 2400కు పైనే మొదలవుతుంది. కాబట్టి 2397 మెగాహెర్ట్‌జ్ మీద, అంటే ఛానల్ మైనస్ 2 మీద, ఇరుగుపొరుగు రౌటర్ల గోల లేకుండా పనిచేయవచ్చు. 5650 నుంచి 5925 వరకు ఉన్న బ్యాండు ఇంకా విశాలమైనది. దూరపు లింకులకు అన్నిటికన్నా ప్రశాంతంగా ఉండేది 3.4 గిగాహెర్ట్‌జ్ బ్యాండు. దాని పైభాగాన్ని, అంటే 3450 నుంచి 3500 వరకు, 5జీ వేలానికి ఇవ్వడంతో 2022 ఏప్రిల్‌లో హామ్‌లు ఖాళీ చేయవలసి వచ్చింది. మిగిలిన కింది భాగం కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేని స్థితిలో అక్కడ కొత్త లింకుకు డబ్బు పెట్టమని నేనెవరికీ సలహా ఇవ్వను.

కొత్తగా వచ్చినవారు ముందు అడిగేది వేగం గురించే. ఛానల్ వెడల్పును 20 మెగాహెర్ట్‌జ్ నుంచి 5కు తగ్గిస్తే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది గాని, సిగ్నల్‌కూ రొదకూ మధ్య 6 డెసిబెళ్ల తేడా కలిసి వస్తుంది. అడ్డులేని చోట దాని అర్థం రెట్టింపు దూరం. ఆపత్సమయంలో పనికివచ్చే లింకుకు నేను దూరాన్నే ఎంచుకుంటాను. ఎదుటి కొండ కంటికి కనబడినంత మాత్రాన లింకు కుదిరినట్టు కాదు. 5.8 గిగాహెర్ట్‌జ్ మీద 20 కిలోమీటర్ల లింకుకు నడిమధ్యలో ఫ్రెనెల్ జోన్ (సూటి గీత చుట్టూ తరంగాలకు కావలసిన చోటు) వ్యాసార్థం సుమారు 16 మీటర్లు ఉంటుంది. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి. దానికి తోడు భూమి వంపు అక్కడ దాదాపు 6 మీటర్లు పైకి లేస్తుంది. మధ్యలో ఉన్న యూకలిప్టస్ చెట్లు రెండేళ్లలో ఎదిగి, అప్పటిదాకా బాగున్న లింకును మింగేయడం ఇక్కడ మామూలే.

డిష్‌ను సరిచూసే పనికి ఆర్డెన్‌లో నాకు నచ్చిన సదుపాయం ఒకటుంది. సిగ్నల్ గ్రాఫు చూపే పేజీలో శబ్దాన్ని ఆన్ చేస్తే, సిగ్నల్ మెరుగుపడే కొద్దీ స్వరం పైస్థాయికి పోతుంది. కప్పు మీద రెండు చేతులూ డిష్‌కే అంకితమైనప్పుడు, జేబులోని ఫోను కూతను వింటూ వెంట్రుకవాసి చొప్పున తిప్పుకోవచ్చు. అయితే స్వరం ఒకసారి పెరిగి తగ్గగానే బోల్టు బిగించేయకూడదు. డిష్‌కు ప్రధాన కిరణం పక్కన చిన్న కిరణాలు కూడా ఉంటాయి. అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూస్తే గాని ఏది పెద్దదో తేలదు.

ఇక నా అసలు ఫిర్యాదు టన్నెళ్ల గురించి. రేడియో లింకు కుదరని చోట రెండు మెష్ దీవులను ఇంటర్నెట్ మీదుగా టన్నెల్‌తో కలపడానికి ఆర్డెన్ వీలు కల్పిస్తుంది. నేర్చుకోవడానికి, పరీక్షించడానికి అది మంచి సాధనమే. కానీ నెట్‌వర్కు పటంలో వందల నోడ్లు గీతలతో కలిసి కనబడగానే నెట్‌వర్కు పూర్తయిందన్న భ్రమ కలుగుతుంది. ఆ గీతల్లో ఎన్ని గాలిలో నడుస్తున్నాయి, ఎన్ని ఎవరి ఇంటి కేబుల్ మోడెమ్ మీదో ఆధారపడి ఉన్నాయి అని ఎవరూ అడగరు. 2019 అక్టోబరులో కార్చిచ్చు భయంతో కరెంటు ఆపేసినప్పుడు ఇక్కడి మరీన్ కౌంటీలో సగానికి పైగా సెల్ టవర్లు మూగబోయాయి. అలాంటి రోజున ఇంటి ఇంటర్నెట్ ఉంటుందని నమ్మి కట్టిన నెట్‌వర్కును ఎమర్జెన్సీ నెట్‌వర్కు అనడం సాహసమే.

కరెంటు లెక్క అంత కష్టమేమీ కాదు. ఒక నోడ్, చిన్న స్విచ్ కలిపి 15 వాట్లు తీసుకుంటాయనుకుంటే, 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మూడున్నర రోజులు లాగుతుంది. సోలార్ ప్యానెల్ ఉంటే ఇంకా నిశ్చింత. చాలాచోట్ల కొండమీది నోడ్‌కు ఈ ఏర్పాటు ఉంటుంది. దాన్ని అందుకునే ఊళ్లోని నోడ్ మాత్రం గోడ ప్లగ్గుకే వేలాడుతూ ఉంటుంది.

మరో పరిమితి చట్టానిది. అర్థాన్ని దాచే ఉద్దేశంతో సందేశాన్ని సంకేతాల్లోకి మార్చి హామ్ బ్యాండ్లలో పంపడాన్ని అమెరికా నిబంధనలు నిషేధిస్తాయి. సొంత వ్యాపార సమాచారానికీ అక్కడ చోటు లేదు. అందుచేత మెష్‌ను ఇంటర్నెట్‌కు తలుపుగా తెరిచి, ఎన్‌క్రిప్షన్ లేనిదే తెరుచుకోని సైట్లను పునరావాస కేంద్రంలోని వారందరికీ అందిస్తామనడం కుదరదు. ఇందులో నేను హామ్‌లవైపే ఉంటాను. అందరూ వినగలిగేదిగా ఉండటం వల్లే ఆ బ్యాండ్లను హామ్‌లు తమకు తాము కాపలా కాసుకోగలుగుతున్నారు. వంతెన దగ్గరి కెమెరా దృశ్యం, షెల్టర్‌లో దుప్పట్ల లెక్క, మెష్ మీద నడిచే ఐపీ ఫోను, రేడియో మీదుగా వెళ్లే విన్‌లింక్ ఈమెయిలు – ఇవన్నీ బహిరంగంగా వెళ్లినా ఇబ్బంది లేదు. రోగుల పేర్లు, వారి జబ్బులు మాత్రం వేరే దారిలో వెళ్లాలి. ఆ సంగతి ఆసుపత్రి సిబ్బందికి ముందే చెప్పి ఉంచాలి.

మన దేశంలో పరిస్థితి మరో విధంగా ఉంది. 2018లో 5 గిగాహెర్ట్‌జ్ పరిధిలో 5725 నుంచి 5875 మెగాహెర్ట్‌జ్‌తో సహా విస్తృతమైన భాగాన్ని లైసెన్సు అవసరం లేకుండా వాడుకోవడానికి అనుమతించారు. హామ్ నిబంధనలు అక్కడ వర్తించవు గనుక ఎన్‌క్రిప్షన్‌కు అడ్డులేదు. కానీ శక్తి పరిమితులు ఉంటాయి, గాలిలో గోల కూడా భరించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు పనిచేయక జనం ఎంత అల్లాడారో అక్కడివారికి గుర్తే. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండలు చుట్టూ ఉన్న ఆ నగరం ఇలాంటి లింకులకు చేతికందిన వరం. గాలికి ఊడిపోని మాస్టులూ, వాటికింద బ్యాటరీలూ తుపానుకు చాలా ముందే అమరి ఉండాలి.

ప్రతి అక్టోబరులో అమెరికా హామ్‌లు జరుపుకొనే నమూనా ఎమర్జెన్సీ పరీక్షలో ఈసారి మా దగ్గర టన్నెళ్లన్నింటినీ ముందే ఆపివేసి, గోడ ప్లగ్గులు కూడా తీసేసి మొదలుపెట్టాలని నేను ప్రతిపాదించాను. పటంలో చుక్కలు ఊడిపోయి, చూడటానికి వచ్చే కౌంటీ అధికారుల ముందు పరువు పోతుందని ఒకరిద్దరు నొచ్చుకున్నారు. ఊడిపోయిన చుక్కల జాబితా చేతిలో ఉంటే, తరువాతి డిష్‌నూ బ్యాటరీనీ ఎక్కడ పెట్టాలో వాదించుకునే పని తప్పుతుందని బదులిచ్చాను. చర్చ ఇంకా ముగియలేదు.