ఒకే పుస్తకం మీదికి వంగిన పిల్లలు

బైబిల్లోని 150వ కీర్తన మనకు కంఠతా వచ్చు. బూర, స్వరమండలం, సితారా, తంబుర, తాళాలు అని గబగబా చదివేస్తాం. లూకా డెల్లా రోబియా అనే శిల్పి దీన్ని పాలరాతిలో చెక్కాడు. ఇటలీలో, ఫ్లోరెన్స్ కేథడ్రల్‌లో, గాయకులు నిలబడి పాడే ఎత్తైన గ్యాలరీకి. 1431లో మొదలుపెట్టి 1438లో ముగించాడు. కీర్తన మాటలు లాటిన్‌లో బారుగా ఉంటాయి, పది పలకల నిండా ఊదేవాళ్లు, మీటేవాళ్లు, గంతులేసే పిల్లలు.

ఫోటోలు చూసిన ప్రతిసారీ నా కళ్లు రెండు చివర్ల పలకల దగ్గరే ఆగిపోతాయి. అక్కడి పిల్లల చేతుల్లో వాద్యాల్లేవు. ఒకవైపు వాళ్లకు ఒక పుస్తకం, రెండోవైపు వాళ్లకు ఒక పొడవాటి గ్రంథపు చుట్ట. గుంపంతటికీ ఉన్నది అదొక్కటే కాబట్టి వెనకవాళ్లు ముందువాళ్ల భుజాల మీదుగా తొంగి చూస్తూ నోరారా పాడుతున్నారు. “సకలప్రాణులు యెహోవాను స్తుతించుదురు గాక” అని చదివినప్పుడల్లా నాకు వీళ్లే గుర్తొస్తారు. బూర లేదు, తంబుర లేదు. ఊపిరి ఉంది, పక్కవాడి భుజం ఉంది. దేవుడు అడిగింది అంతేగా!

మరి మన క్వయర్లు? మనిషికో మైకు, మనిషికో ఫోను, చూపులు లైవ్ కెమెరా వైపు. పాస్టర్‌గారు ప్రార్థన చేస్తుంటే వెనక ప్యాడ్స్ టెస్టింగ్. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. చూపు ఆనదు, పాత కీర్తనలన్నీ నోటికి వచ్చు, కాస్త సాగదీసి పాడుతుంది. మొన్న ఆవిడ గొంతు వినపడకుండా కీబోర్డ్ సౌండ్ పెంచారు. ఆవిడ ఊరుకుంది. నాకు మాత్రం ఆమోసు గ్రంథంలో దేవుడన్న మాటే చెవుల్లో మోగింది: “మీ పాటల ధ్వని నాయొద్దనుండి తొలగనియ్యుడి.”

హంగుల పిచ్చి మనతో మొదలైంది కాదులెండి. 1688లో, ఫ్లోరెన్స్‌ను ఏలిన మెదిచి వంశపు రాకుమారుడి పెళ్లి ఏర్పాట్లలో ఈ గ్యాలరీనే ఊడదీశారు. ఇప్పుడది మ్యూజియంలో ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వాద్యాలు మానేయమనడం లేదు. ఆ కీర్తనలోనే ఉన్నాయి కదా! ఈ ఆదివారం ఒక్క చరణం దగ్గర అన్నీ ఆపి సంఘాన్ని పాడనివ్వండి. స్టేజీ దిగి వచ్చి పెద్దవాళ్ల పక్కన నిలబడండి. పుస్తకం లేనివాళ్లకు మీది చూపించండి. లయ తప్పితే తప్పనివ్వండి.